ఉప్పు వేసిన పళ్ళెం

నా మీద ఈ దీవి వేసిన మొదటి నింద నిజమే. చచ్చినావిడ కూడు నేనే తిన్నాను. తిని, పళ్ళేలు కడిగి బోర్లించాను కూడా.

కాబ్రీ దీవికి నర్సుగా వేసినప్పుడు నాకు నలభై ఒక్కటో ఏడు. పుట్టి పెరిగింది గయానాలో, బెర్బీస్ నది పక్కన. అక్కడ నది అవతలి ఒడ్డు చూడాలంటే కళ్ళు చికిలించాలి. ఇక్కడ ఎటు నడిచినా ఇరవై నిమిషాలకి సముద్రం అడ్డం వస్తుంది. మూడు వందల మంది జనం, అంతకు రెట్టింపు మేకలు, ఒక చర్చి, ఒక కొట్టు, దక్షిణం కొసన ఒక ఉప్పు చెరువు. గ్రెనడా నుంచి పడవ శుక్రవారాలు వస్తుంది. నేనెక్కిన పడవ మాత్రం గాలివాన భయంతో గురువారమే బయల్దేరింది. ఆ ఒక్క రోజే నా కొంప ముంచింది.

పడవ నడిపే సిప్రియన్ నా పెట్టె జెట్టీ మీద దింపి, "అదిగో ఆ పచ్చ తలుపుల ఇల్లు, నర్సమ్మా. తలుపు తీసే ఉంటది, పో" అన్నాడు. నిజంగానే తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఎవరూ లేరు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద కోడికూర, మొక్కజొన్న సంకటి, ఉడికించిన సీమపనస ముక్కలు, ఒక గ్లాసు నీళ్ళు, ఒక గ్లాసు రమ్, వెలుగుతున్న కొవ్వొత్తి. ఉదయం నుంచి పడవలో వాంతులు చేసుకుంటూ వచ్చినదాన్ని. ఎంత మంచివాళ్ళు, నర్సు వస్తుందని తెలిసి వండి పెట్టి, మొహమాటపడుతుందేమోనని తప్పుకున్నారు అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చుని తిన్నాను. దేంట్లోనూ ఉప్పు లేదు. నా సంచిలో ఉప్పు ఉంది, కారం సీసా ఉంది. వేసుకుని తిన్నాను. రమ్ తాగాను. కొవ్వొత్తి వృథా ఎందుకని ఆర్పేసి, మంచం మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను.

తెల్లవారి తలుపు చప్పుడైతే లేచాను. గుమ్మంలో పదిమంది. ముందు ఒక ముసలావిడ, తెల్ల తలగుడ్డ, నిటారుగా కొబ్బరిచెట్టులా ఉంది. నేను రాత్రి గౌనులోనే నవ్వుతూ ఎదురెళ్ళాను.

"మీరేనా అక్కా వండింది? అద్భుతంగా ఉంది. ఉప్పు వెయ్యడం మర్చిపోయినట్టున్నారు. పర్లేదు, నా దగ్గర ఉంటే వేసుకున్నా" అన్నాను.

ఎవరో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ బల్ల వైపు చూసింది, బోర్లించిన పళ్ళేలు చూసింది, మంచం చూసింది. ఆ తర్వాత నా వైపు చూసిన చూపు నాకు ఈ రోజుకీ గుర్తుంది. వెనక్కి తిరిగింది. ఆమెతోపాటు పదిమందీ తిరిగారు.

ఆ ఇల్లు ఆమె తల్లి మా డోర్సిన్‌ది. మా అంటే ఇక్కడ అమ్మ అని, పెద్దావిడల పేర్లకి ముందు అంటారు. ఆ ఇల్లు ప్రభుత్వం నర్సు కోసం అద్దెకు తీసుకుంది. పరాయి మనిషి ఇంట్లో అడుగుపెట్టే ముందు చచ్చిన యజమానురాలికి ఒక పూట కడుపునిండా పెట్టి ఒప్పించాలి. పళ్ళెం పెట్టి, తలుపు ఓరగా తీసి, అందరూ వెళ్ళిపోవాలి. తెల్లవారాక వచ్చి, ఆమె తిని మిగిల్చింది పిల్లలకి పంచాలి. ఇదంతా నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది, అదీ సిప్రియన్ చెబితే. ఊళ్ళో వాళ్ళు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళు ఆ రోజు నుంచి నాతో మాట్లాడనే లేదు.

ముసలావిడ పేరు ఎల్మీనా. ఊరందరికీ టాంటీ, అంటే అత్త. క్లినిక్ రాకముందు ఈ దీవిలో కాన్పులన్నీ ఆమె చేతుల మీదే. ముప్పాతిక ఊరికి బొడ్డు కోసిన చెయ్యి అది. ఆ చెయ్యి పైకి లేస్తే ఊరు లేస్తుంది, దిగితే కూర్చుంటుంది. "మా అమ్మ ఆకలితో వెనక్కి పోయింది. ఆ ఆకలి తీరేదాకా ఆ గయానా మనిషికి ఎవరూ నోరివ్వొద్దు" అందట. ఇవ్వలేదు. నా క్లినిక్ వచ్చి తన పని ఊడగొట్టిందన్న మంట కూడా అందులో సగం ఉందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఈ దీవుల్లో ఎదురైన మనిషికి శుభోదయం చెప్పకపోవడమంటే మొహాన ఉమ్మినట్టే. కొట్టులోకి అడుగుపెడితే ముందు పలకరింపు, తర్వాతే పప్పు, సబ్బు. నేను రోజూ చెప్పేదాన్ని. గోడలు వినేవి. నేను వేలితో చూపించిన వస్తువు కొట్టు మనిషి బల్ల మీద పెట్టేవాడు, అంతే. క్లినిక్‌కి వచ్చేవాళ్ళు, రోగం ఆగదు కదా. నొప్పి ఎక్కడ అంటే వేలు పెట్టి చూపించేవాళ్ళు. ఎన్నాళ్ళ నుంచి అంటే వేళ్ళు లెక్కపెట్టి చూపించేవాళ్ళు. చర్చిలో నేను కూర్చున్న బల్ల మీద ఇంకో ఆరుగురికి చోటుండేది. ఆ ఆరుగురూ గోడకి చేరగిలబడి నిలబడేవాళ్ళు.

క్షమాపణ చెప్పలేదా అంటారేమో. మూడుసార్లు చెప్పాను. కొత్త పళ్ళెం నేనే వండి పెడతానన్నాను. ఎల్మీనా ఇల్లు నా ఇంటికి ఎదురుగానే, మధ్యలో దారి. వరండాలో కూర్చుని నేను చెప్పినంతసేపూ దారిన పోయే మేకల్ని చూసింది. నెలకోసారి తనే క్లినిక్‌కి వచ్చేది, మోకాలికి సూది కోసం. లంగా మోకాలి దాకా లాగి, గోడ మీది క్యాలెండర్ వైపు మొహం తిప్పుకునేది. నేను పొడిచేదాన్ని. ఒక్కసారి కూడా గట్టిగా పొడవలేదు. పగ వేరు, సూది వేరు. అది మా అమ్మ నేర్పింది. ఆమె కూడా నర్సే.

నాలుగో నెల వచ్చేసరికి రక్తపోటు చూసే యంత్రంతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఏడో నెలకి అది నాకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది. నవ్వకండి. పలకరించే మనిషి లేకపోతే సొంత గొంతు కూడా పరాయిదిగా వినిపిస్తుంది. శుక్రవారం పడవ దగ్గర సిప్రియన్‌తో పది నిమిషాలు. ఆయనది వేరే దీవి కాబట్టి ఎల్మీనా మాట ఆయన మీద పనిచెయ్యదు. ఆ పది నిమిషాల కోసం వారమంతా మాటలు దాచుకుని, తీరా ఆయన ఎదురుపడితే "పడవ బాగా వచ్చిందా కెప్టెన్?" అని మాత్రం అడిగేదాన్ని.

ఇదంతా నేను ఓర్చుకున్నాను. తప్పు నాది, శిక్ష పడింది, అనుకున్నాను. ఓర్చుకోలేనిది పదమూడో నెలలో జరిగింది.

అక్టోబర్‌లో మా అమ్మ పోయింది. దీవి మొత్తానికి అప్పట్లో రెండే ఫోన్లు, పోలీసు ఠాణాలో ఒకటి, క్లినిక్‌లో ఒకటి. చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఇవాళ పొద్దున్నే" అంది. తర్వాత ఏడ్చింది. సముద్రం ఉప్పొంగి పడవ ఆగిపోయింది. నేను లేకుండానే మట్టి చేశారు.

ఈ దీవిలో చావు కబురు తెలిస్తే పిలవక్కర్లేదు. తొమ్మిది సాయంత్రాలు ఊరంతా ఆ ఇంటికి వస్తుంది. ఆడవాళ్ళు పాటలు పాడతారు, మగవాళ్ళు డామినోలు ఆడతారు, ఇంటివాళ్ళని ఒంటరిగా వదలరు. పేకాటలో కొట్టుకున్నవాళ్ళు కూడా వస్తారు. పదేళ్ళుగా కోర్టుకెక్కిన వాళ్ళూ వస్తారు. నేను కొట్టుకెళ్ళి కాఫీపొడి, రొట్టెలు, ఒక సీసా రమ్ చూపించాను. కొట్టు మనిషి నా నల్ల గౌను చూశాడు, ఆగాడు, నోరు తెరవబోయాడు. మూసేశాడు. క్లినిక్ బల్లలన్నీ మోసుకొచ్చి వాకిట్లో వేశాను. కప్పులు పన్నెండు పెట్టాను. తలుపు తీసి కూర్చున్నాను.

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. దారిన పోయేవాళ్ళు నా గుమ్మం దగ్గరికి రాగానే తల తిప్పుకునేవాళ్ళు. ఎదురింటి వరండాలో ఎల్మీనా పచ్చి కందికాయలు ఒలుస్తూ, ఏదో కూనిరాగం తీస్తూ ఉంది. తొమ్మిది సాయంత్రాలూ ఒలిచింది. ఎన్ని కందులు తింటుంది ఒక్క ముసలిది? తొమ్మిదో సాయంత్రం పన్నెండు కప్పుల చల్లారిన కాఫీ వాకిట్లో ఒక్కొక్కటే పారబోస్తూ ఆమె వైపు చూశాను. ఆమె గింజ గిన్నెలో పడిన చప్పుడు కూడా నాకు వినిపించింది. ఇక చాలు, నిన్ను ఊరికే వదలను, అనుకున్నాను. నాకు బతుకులో ఎవరి మీదా అంత కోపం రాలేదు.

మర్నాడు పడవ వచ్చింది. సిప్రియన్ టోపీ తీసి వచ్చి ఒక బల్ల మీద కూర్చున్నాడు. మా అమ్మ కోసం ఈ దీవిలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే.

"వాళ్ళని తిట్టుకోకు, నర్సమ్మా. ఒక చచ్చినావిడ పస్తుంటే ఆ ఇంట్లో ఇంకో చావుకి కూర్చోరు. భయం" అన్నాడు.

"అయితే ఆవిడకి మళ్ళీ పెట్టొచ్చుగా! నేను వండుతానన్నాగా!"

"మనంతట మనం పెట్టకూడదు. ఓసారి చెడిపోయిందంటే, ఆవిడే కల్లోకొచ్చి అడగాలి. ఫలానాది వండు, ఫలానా వాళ్ళు వండు అని చెబుద్ది. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి."

"ఎవరి కల్లోకి? ఎల్మీనా కల్లోకేనా?"

"కూతురికే రావాలని ఏం లేదు. మా పక్కింటి ముసలాయన చచ్చి మా బాబాయి కల్లోకొచ్చి మేకని అడిగాడు. వాళ్ళ పిల్లలు నోరెత్తకుండా కోశారు. కలని కాదనేవాడు ఎవడున్నాడు?" అని సిప్రియన్ గిన్నెలో మిగిలిన చల్లటి కాఫీ మొత్తం తాగేశాడు.

వెళ్తూ వెళ్తూ నా చేతిలో ఒక కవరు పెట్టాడు. నేను ఆరు నెలల కిందట అడిగిన బదిలీ. డిసెంబరు ఆఖరి శుక్రవారం గ్రెనడా పెద్దాసుపత్రికి. అంటే నాకు రెండు నెలలు మిగిలాయి. పోయేలోపు ఎల్మీనా చేత మా అమ్మ పేరు పలికించాలి, ఊరందరి ముందు, తొమ్మిది రోజులకీ బదులుగా. ఈ నిర్ణయం చేసుకున్న రాత్రి పదమూడు నెలల తర్వాత హాయిగా నిద్రపోయాను.

తొందరపడలేదు. మా డోర్సిన్ ఇంట్లోనే ఉన్నాను కదా, గోడ మీద ఆమె ఫోటో, బీరువాలో ఆమె నీలం తలగుడ్డ, సొరుగులో జత లేని ఒక బంగారు పోగు. అన్నీ చూసుకున్నాను. నవంబరు మొదటి ఆదివారం చర్చి విడిచాక మెట్ల మీద నిలబడి గట్టిగా అన్నాను.

"అందరికీ శుభోదయం. మా డోర్సిన్ నా కల్లోకొచ్చింది."

పోయేవాళ్ళు పోతున్నట్టే ఆగిపోయారు.

"నీలం తలగుడ్డ కట్టుకుంది. కుడి చెవికే పోగుంది, ఎడమ చెవిది లేదు. నా మంచం పక్కన, అదే, ఆవిడ మంచం పక్కనే కూర్చుంది."

"ఎడమ చెవిది సముద్రంలో పడిపోయింది" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

ఎల్మీనా కర్ర పోటేసుకుంటూ జనాన్ని తప్పించుకుని నా ముందుకొచ్చింది. పద్నాలుగు నెలలకి నాతో మొదటి మాట. "ఏమంది?"

"రెండు పళ్ళేలు కావాలంది, టాంటీ. ఒకటి తనకి. ఒకటి పక్కనున్న ఆవిడకి."

"పక్కన ఎవరు?"

"ఎవరో బెర్బీస్ నుంచి వచ్చినావిడట. ఐవీ ఫ్రేజర్ అని చెప్పింది. కూతురు ఇంటి గుమ్మంలో తొమ్మిది సాయంత్రాలు కూర్చుందట. ఊరోళ్ళు ఒక్కరన్నా లోపలికి రాలేదట. నా ఇంటికొచ్చిన చుట్టాన్ని పస్తు పెట్టి నేనెలా తింటాను, సిగ్గులేదా మీకు అంది."

కల అంతా నా అల్లికే, ఆ చివరి ముక్క మాత్రం నా కడుపుమంట. అది గుచ్చుకోవాల్సిన చోట గుచ్చుకుంది. కొట్టు మనిషి నేల చూపులు చూశాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం వండమంది?" అంది ఎల్మీనా.

రోజుల తరబడి నూరుకున్న జాబితా అది. "పెప్పర్‌పాట్ కావాలంది, బెర్బీస్ పద్ధతిలో. చేదు కర్రపెండలం తురిమి, పిండి, ఆ రసాన్ని నల్లటి పాకం అయ్యేదాకా మరిగించి, అందులో మాంసం వెయ్యాలి. అరటికాయ ఉడికించి రోట్లో వేసి బంక సాగేదాకా దంచాలి. నీళ్ళు కింద బావి నుంచే తేవాలి, నెత్తి మీద. అంతా నీ చేత్తోనే. ఇంకొకరి వేలు పడకూడదంది."

"టాంటీకి మోకాలు..." అని ఎవరో అన్నారు.

"ఆ మోకాలు నాకు తెలుసు" అన్నాను. "ఇంకోటి. ఉప్పు వెయ్యమంది. పోయినసారిలా చప్పిడి కూడు పెట్టొద్దంది."

ఎల్మీనా తలెత్తింది. "ఉప్పా?"

"ఉప్పే. చెరువు ఉప్పు, గుప్పెడు. మా ఊళ్ళో చప్పిడి తినరు."

జనంలో గుసగుస లేచింది. ఎల్మీనా చెయ్యి లేపింది, గుసగుస ఆగింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. "ఉప్పు" అని తనలో తను అనుకున్నట్టు అంది. "సరే. అడిగింది అడిగినట్టే పెడతాను" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. దెబ్బకి దిగివచ్చిందని నేను మురిసిపోయాను.

ఆ మూడు రోజులూ నా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొట్టులో ఒక బుట్టెడు పచ్చి కందికాయలు కొనుక్కొచ్చి ఒలుస్తూ, కూనిరాగం తీస్తూ. ఎదురుగా ఎల్మీనా కర్రపెండలం తురిమింది. తురుముపీటకి వేళ్ళు చీరుకున్నాయి, గుడ్డ చుట్టుకుని మళ్ళీ తురిమింది. కోడళ్ళు దగ్గరికొస్తే కర్రతో తరిమింది. "విన్లేదుటే? నా చేత్తోనే అంది మీ అవ్వ" అని అరిచింది. నేను గింజలు గిన్నెలో వేస్తూ, "రసం బాగా మరగాలి టాంటీ. చేదు దుంప విషం. మరక్కపోతే ఊరంతా నా క్లినిక్‌కే వస్తుంది" అని ఇక్కణ్ణుంచే కేక వేసేదాన్ని. "నాకు చెప్పకు, నువ్వు పుట్టకముందు నుంచి వండుతున్నా" అనేది. తిట్టయినా సరే, మాట మాటే. నాకు ఆ తిట్లు కూడా తియ్యగా ఉన్నాయని ఒప్పుకుంటాను.

బావి నుంచి నీళ్ళు తెచ్చేటప్పుడు మెరక మీద రెండుసార్లు ఆగింది. మూడోసారి కూలబడింది. ఊరంతా చూస్తోంది, ఎవరూ వేలు పెట్టడానికి లేదు. నేను కుర్చీలోంచి లేవలేదు. లేచింది తనే. మూడో రోజు మధ్యాహ్నం క్లినిక్‌కి వచ్చి లంగా పైకి లాగింది. మోకాలు కుండలా వాచింది. క్యాలెండర్ వైపు చూసింది. నేను సూది వేశాను, ఎప్పటిలాగే మెత్తగా. నాకు జాలి వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది, అంతే.

సాయంత్రం నా ఇంట్లో, అంటే మా డోర్సిన్ ఇంట్లో, బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. రెండు పళ్ళేలు పెట్టింది. ఒకటి తల్లికి, కోడికూర, సంకటి. రెండోది మా అమ్మకి, నల్లటి పెప్పర్‌పాట్, పక్కన దంచిన అరటికాయ ముద్ద. ఊరంతా వాకిట్లో. గుమ్మంలో నిలబడి ముందు నీళ్ళు, తర్వాత రమ్ నేల మీద చల్లుతూ పిలిచింది. తల్లిని పిలిచింది. తల్లి తల్లిని పిలిచింది. ఆ తర్వాత గొంతు సవరించుకుని పెద్దగా పిలిచింది.

"ఐవీ ఫ్రేజర్! బెర్బీస్ నుంచి వచ్చిన ఐవీ! రా తల్లీ. తొమ్మిది రోజులు గుమ్మంలో నిలబెట్టాం. తప్పయింది. లోపలికి రా, కూర్చో, తిను."

మూడుసార్లు పిలిచింది. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. నేను గెలిచానని ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని, గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ పోయాక అప్పుడే ఏడవడం. పక్కనున్న ఆవిడ, పేరు కూడా తెలియదు నాకు, నా వీపు మీద చెయ్యి వేసి రాసింది. పద్నాలుగు నెలల్లో నా ఒంటి మీద పడ్డ మొదటి చెయ్యి అది.

మర్నాడు పొద్దున్న పళ్ళేలు పంచారు. మా డోర్సిన్ పళ్ళెం పిల్లలు లాక్కుని తిన్నారు. మా అమ్మ పళ్ళెంలోది నోట్లో పెట్టుకోగానే ఉమ్మేశారు, అంత ఉప్పు. నేను ఒక ముద్ద తిని నీళ్ళ కోసం పరిగెత్తాను. ముసలిదాని చెయ్యి అదిరి ఉంటుందిలే అనుకున్నాను.

ఆ రోజు నుంచి అందరూ పలకరించారు. కొట్టు మనిషి శుభోదయం అన్నాక, సబ్బు ఇస్తూ, తన మేనకోడలి పెళ్ళి సంగతి అరగంట చెప్పాడు. క్లినిక్‌లో నొప్పి ఎక్కడంటే తాతల నాటి కథతో మొదలుపెట్టేవాళ్ళు. క్రిస్మస్‌కి నా బల్ల మీద రమ్ములో నానిన నల్ల కేకులు ఏడు పోగయ్యాయి. నేను మాత్రం పెట్టె సర్దుకున్నాను. కావలసింది వసూలైంది. ఇక ఈ దీవి మొహం చూడనక్కర్లేదు.

ఆఖరి శుక్రవారం పొద్దున ఎల్మీనా వచ్చింది. అడక్కుండానే నా పెట్టె మీద కూర్చుని మోకాలు చాపుకుంది.

"పోతున్నావా, నర్సమ్మా?"

"పోతున్నా, టాంటీ."

"మరి మీ అమ్మ సంగతి?"

"మా అమ్మ సంగతేంటి?"

"ఉప్పు తిన్న ఆత్మ నీళ్ళు దాటదు. బరువెక్కిపోద్ది. ఇక్కడ మూడేళ్ళ పిల్లని అడుగు, చెబుద్ది. అందుకేగా వాళ్ళ కూట్లో ఉప్పెయ్యం." తలగుడ్డ సర్దుకుంది. "చచ్చినోళ్ళు ఇంకేదైనా అడుగుతారు, ఉప్పు అడగరు. నువ్వా మాట అనగానే తెలిసింది నాకు, నీకు కలా రాలేదు గిలా రాలేదని."

"మరి అందరి ముందే అనాల్సింది! ఊరోళ్ళకీ తెలుసుగా!"

"వాళ్ళకి నేను చెప్పాను, గయానా ఆత్మల పద్ధతి వేరులే అని. నమ్మారు. నేను చెబితే నమ్ముతారు."

"ఎందుకు?"

"ఎందుకేంటే? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటుంటే నేను పార లాక్కోవాలా? నా ముసలితనంలో నన్ను బావి మెరక ఎక్కించావు. మా అమ్మ నోట్లో లేని మాటలు పెట్టావు. అందుకని మా అమ్మ పళ్ళెంలో చిటికెడు కూడా వెయ్యలేదు. మీ అమ్మ పళ్ళెంలో రెండు గుప్పిళ్ళు వేశాను. మనసారా పిలిచాను కూడా, రాకుండా పోద్దేమోనని." కర్ర ఊతంతో లేచింది. "వచ్చింది. తిన్నది. ఇక గయానాకీ పోలేదు, నీ గ్రెనడాకీ రాలేదు. ఇక్కడే ఉంటది. నువ్వు పోయిరా."

నేను నర్సుని. గుండె ఆగితే ఏమవుతుందో నా చేతులతో చూశాను. ఉప్పు ఆత్మని బరువెక్కిస్తుందంటే పగలబడి నవ్వాలి. పెట్టె మోసుకుని జెట్టీకి నడుస్తూ నవ్వడానికి ప్రయత్నించాను కూడా. దారి పొడుగునా జనం చెయ్యి ఊపారు. సిప్రియన్ పెట్టె అందుకుని లోపల పెట్టాడు. "ఎక్కు, నర్సమ్మా, గాలి బావుంది" అన్నాడు.

ఒక కాలు పడవ మీద పెట్టి వెనక్కి చూశాను. పచ్చ తలుపులు కనిపించాయి. మా అమ్మకి పరాయి ఇళ్ళు పడవు. చెల్లెలి అత్తగారింట్లో కూడా కుర్చీ అంచు మీద కూర్చునేది, ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు విప్పేది కాదు. ఇక్కడ ఎవరు పలకరిస్తారు? ఐవీ అనే మనిషి ఎవరో ఈ దీవిలో ఎవరికి తెలుసు? పలకరించే మనిషి లేని ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు, పద్నాలుగు నెలలు ఆ ఇంట్లోనే ఉన్నాను. అక్కడే ఆమెని కూర్చోబెట్టి, నేను తలుపు లాగి వెళ్ళిపోతున్నాను. నమ్మకం లేదు నాకు. కాలు మాత్రం కదల్లేదు.

"పెట్టె దించు, కెప్టెన్" అన్నాను.

"ఏం మర్చిపోయావు?"

"మా అమ్మని" అన్నాను. ఆయన దించాడు.

పెట్టె జెట్టీ మీదే వదిలి, ఎదురింటి వరండాకి తిన్నగా వెళ్ళాను. ఎల్మీనా కందికాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఆమె మొహం వెలిగింది. గెలిచినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, మొన్నటిదాకా అది నాదే. నాతోపాటు జనం కూడా వచ్చి దారిలో నిలబడ్డారు, నర్సు పడవ దిగిందేమిటని.

"శుభోదయం, టాంటీ. కల వచ్చింది" అన్నాను, అందరికీ వినపడేలా.

"పట్టపగలా?"

"పడవ మెట్టు మీద. మా అమ్మే వచ్చింది ఈసారి. ఇక్కడే ఉండిపోతానంది, ఈ ఊరు నచ్చిందట. నీ వంట ఇంకా నచ్చిందట."

జనంలోంచి ఒకావిడ "అయ్యో, చల్లని తల్లి" అంది.

"ప్రతి ఏడూ అదే రోజు అదే పళ్ళెం కావాలంది. తురిమి, దంచి, బావి నీళ్ళు నెత్తిన మోసి. ఇంకొకరి వేలు పడకుండా."

ఎల్మీనా నా వైపు చూసింది, దారిలో ఉన్న జనం వైపు చూసింది. మొదటి కల అబద్ధమని ఇప్పుడు అనాలంటే, తెలిసీ ఒక అతిథి ఆత్మకి ఉప్పు పెట్టి కట్టేశానని ఒప్పుకోవాలి. ఆమె చెయ్యి మెల్లగా మోకాలి మీదికి పోయింది.

"ఉప్పుతోనా?" అంది.

"ఉప్పుతోనే, టాంటీ" అని ఆమె పక్కన కూర్చుని, బుట్టలోంచి ఒక కందికాయ తీసుకున్నాను.